పద్దులో దొరికిన మనుషులు

మధ్యయుగాల నుంచి పేరుతో సహా మనదాకా వచ్చినవాళ్లు చాలావరకు రాజులు, సేనానులు, మఠాధిపతులు, కవులు. పొలం దున్నినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు, పరాయి ఇళ్లలో చాకిరీ చేసినవాళ్లు చరిత్ర పుస్తకాల్లో ‘ప్రజలు’ అనే ఒక్క మాటలో కలిసిపోతారు. వీళ్ల పేర్లు ఎవరూ రాయలేదనుకుంటే మాత్రం పొరపాటు. పన్ను వసూలు చేసేవాడికి, జీతం ఇచ్చేవాడికి, గుడికి చేరిన దానానికి జవాబు చెప్పాల్సినవాడికి పేర్లు కావాలి. కాబట్టి రాసుకున్నారు. ఆ లెక్కలు శతాబ్దాల పాటు కట్టలు విప్పకుండా పడి ఉన్నాయి. ఈమధ్య కాలంలో వాటిని పేరు పేరునా విడదీసి, ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కునే పట్టికలుగా మార్చడంతో మధ్యయుగపు సామాన్యుడి చరిత్ర రాయడం సాధ్యమైంది. ఇది చాలా పెద్ద మేలు. అయితే ఆ మేలు దక్కాలంటే పట్టికలో కనిపించే ప్రతి వరుసనూ ఒక మనిషికీ ఒక లేఖరికీ మధ్య జరిగిన లావాదేవీగా చదవాలని, ఆ లేఖరి కలం ఎందుకు పట్టాడో ముందు తెలుసుకోవాలని నేను నమ్ముతాను. ఇంగ్లండ్‌లో జరిగిన పని ఇందుకు మంచి ఉదాహరణ.

1440లో ఇంగ్లండ్ పార్లమెంటు దేశంలో కాపురముంటున్న పరదేశుల మీద తలపన్ను వేసింది. ఫ్రాన్స్‌తో నూరేళ్ల యుద్ధం ఇంకా తెగలేదు, ఖజానాకు డబ్బు కావాలి. సొంతంగా ఇల్లు నడుపుకునే పరదేశి ఏడాదికి 16 పెన్నీలు, ఒకరి పంచన పనిచేసుకునేవాడు 6 పెన్నీలు కట్టాలి. ఊళ్లో నలుగురిని పిలిచి ప్రమాణం చేయించి, ఇక్కడ పరాయి దేశంలో పుట్టినవాళ్లెవరని అడిగి రాసుకున్నారు. మార్పులు చేర్పులతో ఈ పన్ను 1487 దాకా నడిచింది. ఆ తోలు చుట్టలు ఇప్పుడు లండన్ శివార్లలో క్యూ అనే చోట, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. యార్క్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆర్మ్‌రాడ్ నడిపించిన బృందం వీటితో పాటు రాజు ఇచ్చిన రక్షణ పత్రాలు, పౌరసత్వ పత్రాలు, 1436లో నెదర్లాండ్స్ ప్రాంతపు వాళ్లు చేసిన విధేయతా ప్రమాణాల జాబితాలు కూడా కలిపి, 1330 నుంచి 1550 వరకు ఇంగ్లండ్‌కు వలస వచ్చిన వాళ్ల పేర్లు 64,000కు పైగా ఒక్కచోట చేర్చి 2015లో అందరికీ తెరిచిపెట్టింది.

అంతకుముందు మధ్యయుగపు ఇంగ్లండ్‌లో పరదేశి అనగానే ఇటలీ వడ్డీ వ్యాపారి, లండన్ రేవులో జర్మన్ వర్తకుడు గుర్తుకొచ్చేవారు. కారణం తేలికే: వాళ్లకు ఒప్పందాలున్నాయి, కోర్టు వ్యాజ్యాలున్నాయి, ఉత్తరాలున్నాయి. పన్ను పద్దులు చూపించే లోకం వేరు. సముద్రానికి దూరంగా ఉన్న పల్లెల్లో సైతం స్కాట్లండ్ కూలీ, ఫ్రెంచి పనివాడు, ఫ్లాండర్స్ చెప్పుల కుట్టరి కనిపిస్తారు. జనాభాలో ఇంచుమించు నూటికి ఒకరు బయట పుట్టినవాళ్లేనని ఆ పరిశోధకుల అంచనా. 1440 నాటి పద్దులను సిల్వియా త్రప్ అనే చరిత్రకారిణి 1957లోనే చేత్తో లెక్కగట్టి వ్యాసం ప్రచురించింది. ఆమె శ్రమను తక్కువ చేయలేం. కానీ ఆ ఏడాదిని మరో ఏడాది పక్కన, ఒక జిల్లాను మరో జిల్లా పక్కన, నేతగాళ్లను కంసాలుల పక్కన పెట్టి చూడటం ఇప్పుడు ఏ విద్యార్థికైనా ఒక పూట పని.

సరిగ్గా ఈ సులువులోనే ప్రమాదం ఉంది. ఐర్లాండ్‌లో పుట్టినవాళ్ల సంగతే చూడండి. 1440 పద్దుల్లో వాళ్లు ఉన్నారు, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే మాయమవుతారు. గీత గీసి చూస్తే ఐరిష్ వాళ్లంతా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయినట్టే ఉంటుంది. నిజానికి అలా జరగలేదు. 1442లో పన్నును కొనసాగించినప్పుడు, వీళ్లూ మన రాజు ప్రజలే కదా అని ఐర్లాండ్ వాళ్లను మినహాయించారు. పన్ను పోయింది, పన్నుతో పాటు పేరూ పోయింది. ఇంగ్లిష్ మగవాణ్ణి పెళ్లాడిన పరదేశపు ఆడమనిషికి పన్ను లేదు కనుక ఆమె ఈ పద్దుల్లో లేనే లేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలూ అంతే. ఏళ్లు గడిచేకొద్దీ పేర్లు తగ్గిపోవడానికి వలస తగ్గడం కంటే వసూలు సడలడం, జనం తప్పించుకోవడం పెద్ద కారణాలు. పోనీ ఉన్న పేర్లయినా నమ్మకమైనవా అంటే, లేఖరి నోటికి తిరగని పేరును తనకు తెలిసిన ‘జాన్’గా మార్చేశాడు, ఇంటిపేరు దొరక్కపోతే ‘ఫ్రెంచివాడు’ అన్నదే ఇంటిపేరుగా రాశాడు. ‘డచ్’ అన్న ఒక్క మాట కింద ఇవాళ్టి హాలండ్, బెల్జియం, జర్మనీ మనుషులు కలిసిపోయారు. 1480ల నాటి పద్దుల్లో ఒకటి రెండు చోట్ల పుట్టినచోటు ‘ఇండ్’ అని ఉంది. మనకు చటుక్కున ఆసక్తి పుట్టించే మాటే. కానీ ఆనాటి యూరపులో ఆ పేరు తూర్పున ఎక్కడో ఉన్న ఏ నేలకైనా చెల్లేది, ఇతియోపియాకు కూడా. ఆ మనిషి మన రేవుల నుంచి వెళ్లాడని దాన్ని బట్టి చెప్పలేం.

ఇన్ని లొసుగులున్నప్పుడు ఈ పట్టికలెందుకు, తోలు చుట్టనే విప్పి చదువుకోవచ్చు కదా అని మూలప్రతుల మీద గౌరవమున్న పండితులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లేఖరి చేతిరాత, కొట్టివేతలు, అంచున పెట్టిన గుర్తులు పట్టికలోకి పూర్తిగా రావు. అయినా నా జవాబు ఇది: ఒక్క చుట్టను ఎంత శ్రద్ధగా చదివినా అందులో ఎవరు లేరో తెలియదు. వందల చుట్టలను పక్కపక్కన పరిచినప్పుడే ఐర్లాండ్ వాళ్లు ఒక్కసారిగా మాయమైన చోటు కంటికి ఆనుతుంది, ఎందుకని వెతికితే చట్టం దొరుకుతుంది. అంటే పద్దులోని పక్షపాతాన్ని పట్టిచ్చేది కూడా పట్టికే. రెండో ఆక్షేపణ మరింత లోతైనది: పేరు, ఊరు, కట్టిన పన్ను మాత్రమే తెలిస్తే అది జీవితం ఎలా అవుతుంది? ఒక్క వరుసతో కాదు. వరుసకు వరుసను ముడివేసినప్పుడు అవుతుంది. ఆన్ కర్రీ, ఏడ్రియన్ బెల్ ఆధ్వర్యంలో తయారైన మరో డేటాబేస్‌లో 1369 నుంచి 1453 దాకా ఇంగ్లిష్ సైన్యంలో పనిచేసిన వాళ్ల నమోదులు సుమారు రెండున్నర లక్షలున్నాయి. రాని సైనికుడికి జీతం పోకూడదని గుమాస్తా హాజరుపట్టీలో పేరు పక్కన చుక్క పెట్టేవాడు. ఆ చుక్కల పుణ్యాన ఒకే విలుకాడు ఏడాది తర్వాత ఏడాది ఏ కోటలో, ఏ దొర కింద కొలువు చేశాడో కొన్నిసార్లు తెలుస్తుంది. సైనికవృత్తినే బతుకుతెరువు చేసుకున్న సామాన్యులు ఉన్నారని రుజువవుతుంది. ఒకే పేరున్న ఇద్దరినీ ఒకరిగా కలిపేయకుండా చూసుకునే బాధ్యత మాత్రం కంప్యూటర్‌ది కాదు, చరిత్రకారుడిది.

ఇదంతా మన దేశానికి కొత్త కాదు. ఇంటర్నెట్ రాకముందే, 1978లో నొబొరు కరషిమ, వై. సుబ్బరాయలు, తోరు మత్సుయి కలిసి చోళ శాసనాల్లోని మనుషుల పేర్లకు మూడు సంపుటాల సూచిక తెచ్చారు. సింథియా టాల్బట్ 1175-1325 మధ్య కాకతీయుల నాటి ఆంధ్రదేశపు శాసనాలు వెయ్యి దాకా తీసుకుని, దాతలను వాళ్ల పేర్ల చివరి బిరుదులను బట్టి విభజించి లెక్క తీసింది. అప్పటి శాసనాలు దాతల కులం గురించి చాలా అరుదుగా మాట్లాడతాయని, నాయకుడు, రెడ్డి, సెట్టి, బోయ వంటి మాటలు హోదానూ వృత్తినీ తెలిపేవని, తండ్రికీ కొడుక్కీ వేర్వేరు బిరుదులున్న కుటుంబాలు కూడా ఉన్నాయని ఆమె 2001లో అచ్చైన పుస్తకంలో చూపించింది. ఒక్కో శాసనాన్నే చదువుతూ పోతే ఈ మాట అనగలిగే ధైర్యం ఎవరికీ రాదు.

ఇంగ్లండ్ పనివాడి పద్దుకు మన దగ్గర దీటైనది అఖండ దీపం శాసనం. దాత పశువులను గుడికి ఇస్తాడు. వాటిని ఒక బోయ తన మందలో కలుపుకుని మేపి, దీపానికి రోజూ మానెడు నెయ్యి పోయాలి. రాతి మీద దాత పేరుతో పాటు బోయ పేరు కూడా చెక్కారు. దాత పేరు పుణ్యం కోసం. బోయ పేరు రేపు నెయ్యి ఆగితే ఎవరిని అడగాలో తెలియడం కోసం. దానమిచ్చే స్తోమతు లేని మనిషి రాయికెక్కింది ఈ పూచీ వల్లనే. దాతలను మాత్రమే లెక్కపెట్టే పట్టికలో ఆయనకు చోటుండదు, పశువులు లేని కూలీకి శాసనంలోనే చోటు లేదు.

దక్షిణ భారత శాసన సంపుటాల్లో ద్రాక్షారామం, సింహాచలం శాసనాలు ఎప్పుడో అచ్చయ్యాయి, ఆ పుస్తకాల స్కాన్ ప్రతులు ఉచితంగా దొరుకుతున్నాయి. కానీ పేజీ బొమ్మ వేరు, పేరు పేరునా విడదీసిన పట్టిక వేరు. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, తెలుగు శాఖలు కలిసి ఆ పని మొదలుపెట్టాలి. దాతలతో ఆపకుండా బోయలను, సాక్షులను, రాయి చెక్కినవాళ్లను కూడా ఎక్కించాలి. పేరుకు, ఊరికి, శక సంవత్సరానికి గడులు కేటాయించినట్టే, ఆ పేరు రాయికి ఎందుకెక్కిందో చెప్పే గడి కూడా ఒకటి ఉంచాలి.