సార్డీన్లు పోయాక మాంటెరే

కాలిఫోర్నియా అనగానే మన వాళ్లకు హాలీవుడ్, సిలికాన్ వ్యాలీ గుర్తొస్తాయి. ఈ రాష్ట్రం ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలంటే మాత్రం మాంటెరే అనే చిన్న సముద్రతీర పట్నానికి పోవాలి. మా ఊరు బసంత్‌నగర్ నుంచి వచ్చిన అమ్మను, బాపును, మా పిల్లలతో పాటు అక్కడి సముద్ర విజ్ఞాన కేంద్రానికి తీసుకుపోయాను. దాని పేరు మాంటెరే బే అక్వేరియం.

మొదట ఈ తీరం రమ్సెన్ ఓలోనీ అనే ఆదివాసులది. 1770లో స్పెయిన్ వాళ్లు ఇక్కడ కోట, చర్చి కట్టారు. తర్వాత ఇది మెక్సికో చేతికి పోయింది. ఆ రెండు పాలనల్లోనూ మాంటెరేనే రాజధాని. మెక్సికోతో యుద్ధం మొదలయ్యాక, 1846 జులై 7న అమెరికా నౌకాదళం వచ్చి తన జెండా ఎగరేసింది. 1849లో రాష్ట్ర రాజ్యాంగం రాసుకున్నదీ ఈ ఊళ్లోనే. నేల చేతులు మారిన ప్రతిసారీ ఆదివాసులు ఇంకొంచెం వెనక్కి నెట్టబడ్డారు.

అక్వేరియంలో పిల్లలు కెల్ప్ అనే సముద్రపు నాచు అడవి ముందు ఆగిపోయారు. 28 అడుగుల ఎత్తు గాజుతొట్టిలో ఆ నాచు చెట్ల లెక్క నిలబడి ఊగుతుంటే, నడుమ చేపల గుంపులు తిరుగుతుంటాయి. బాపు మాత్రం అక్కడ దాచిపెట్టిన పాత బాయిలర్ల దగ్గరే నిలబడ్డాడు. సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ దగ్గర పనిచేసిన మనిషి మరి. ఈ అక్వేరియం ఉన్న చోట ఒకప్పుడు హోవ్డెన్ అనే ఆయన చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఉండేది. 1916లో మొదలై 1973లో మూతపడింది. సంగతి వినగానే బాపు అడిగింది ఒక్కటే: “మూసినంక పనోళ్లు ఎటు పోయిండ్రు బిడ్డా?”

అసలు చరిత్ర ఆ ప్రశ్నలోనే ఉంది. 1850ల నుంచి ఇక్కడ చైనా నుంచి వచ్చిన కుటుంబాలు చేపలు పట్టేవి. 1906లో వాళ్ల గూడెం కాలిపోయింది. భూమి సొంతదారైన కంపెనీ మళ్లీ ఇళ్లు కట్టుకోనియ్యలేదు. ఆ జాగాలోనే ఇప్పుడు స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారి హాప్కిన్స్ సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. తర్వాత సిసిలీ నుంచి వచ్చిన బెస్తలు సార్డీన్ చేపల కోసం పడవలు వేశారు. డబ్బాల్లో నింపే పని ఎక్కువగా ఆడవాళ్లది. మా దగ్గరి గోదావరిఖని బొగ్గు బాయిల్లో షిఫ్టు సైరన్‌కు లేచినట్టే, పడవలు ఒడ్డుకు రాగానే ఫ్యాక్టరీ కూత వినబడితే అర్ధరాత్రయినా పరుగెత్తాలి. ఏ ఫ్యాక్టరీ కూత దానిదే.

పట్టిన చేపలో పెద్ద భాగం మనుషుల పళ్లెంలోకి రానే లేదు. ఎరువుగా, కోళ్ల దాణాగా, నూనెగా మారింది. ఇంత పడితే మిగలదని రాష్ట్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు, లాభం చూసినవాళ్లు వినలేదు. సముద్రపు వేడి మారడం కూడా తోడై 1940ల చివరికల్లా చేప మాయమైంది. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

అంతకు ముందే ఒక్క మనిషి మేలుకుంది. జూలియా ప్లాట్ జర్మనీలో డాక్టరేట్ చేసిన జీవశాస్త్రవేత్త. ఆడమనిషి కాబట్టి ఆ కాలంలో విశ్వవిద్యాలయ కొలువు దొరకలేదు. 1931లో, డెబ్బై దాటిన వయసులో, పక్క ఊరు పసిఫిక్ గ్రోవ్‌కు మేయర్ అయింది. తీరంలో కొంత భాగాన్ని వేట లేని రక్షిత ప్రాంతంగా చేయించింది. బొచ్చు కోసం చంపగా అంతరించాయనుకున్న సముద్రపు నీటికుక్కలు 1938లో దక్షిణాన బిగ్ సర్ దగ్గర మళ్లీ కనబడ్డాయి. తర్వాత మెల్లగా ఈ తీరానికీ వచ్చాయి. అవి కెల్ప్‌ను కొరికే ముళ్లజీవులను తింటాయి కాబట్టి నాచు అడవి మళ్లీ నిలబడింది. కంప్యూటర్ల కంపెనీ పెట్టిన ప్యాకార్డ్ కుటుంబం డబ్బుతో 1984లో ఈ అక్వేరియం తెరిచారు.

బాపుకు చెప్పిన జవాబు ఇదే: సముద్రాన్ని కాపాడుకున్నారు, పనోళ్లను కాపాడలేదు. ఆ ఫ్యాక్టరీలున్న పాత వీధిలో ఇప్పుడు హోటళ్లు, దుకాణాలు ఉన్నాయి. చేపలు నింపిన చేతులు మాత్రం తలో దిక్కు పోయాయి.

ఈ కథ మనదీ కావచ్చు. మన బసంత్‌నగర్ సిమెంటుకు వాడే సున్నపురాయి కూడా వంద కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రపు అడుగే. రామగుండం బొగ్గు ఆ తర్వాతెప్పుడో పెరిగిన అడవి. సార్డీన్లు 1980ల్లో కొంత తిరిగొచ్చాయి, బొగ్గూ సున్నపురాయీ తిరిగిరావు. అందుకని మన ఊళ్లల్లో ఉన్నవాళ్లకు నా మనవి: ఓపెన్‌కాస్ట్ గుంతలు ఏమవుతాయో, మన పిల్లలు ఏ పని నేర్చుకోవాలో బొగ్గు బాయిలు నడుస్తున్నప్పుడే అడగండి. మూతపడ్డాక అడిగితే జవాబు చెప్పేవాడు ఉండడు.