అడుగుల లెక్క, నాడి లెక్క

మణికట్టునకు కట్టుకొను ఫిట్‌నెస్ ట్రాకరు నేడు మన యిండ్లలో గడియారమువలెనే పరిచితమైన వస్తువు. కొనబోవునప్పుడు మాత్రము ఒక సందేహము కలుగును. అడుగులను లెక్కించు సామాన్యమైన పట్టీ చాలునా? గుండె కొట్టుకొనుట, నిద్ర, రక్తములోని ప్రాణవాయువు మొదలగునవన్నియు చెప్పు ఖరీదైన రకమును కొనవలెనా? ఈ ప్రశ్నకు సమాధానమును అంగడివాని మాటలలోకంటె చరిత్రలో వెదకుట మేలని మాకు తోచుచున్నది. ఏలయన, ఆ చిన్న పట్టీలో రెండు వేర్వేరు చరిత్రలు ఇమిడియున్నవి. ఒకటి అడుగుల లెక్క. రెండవది నాడి లెక్క.

అడుగుల లెక్క మిక్కిలి ప్రాచీనమైనది. రోమనుల మైలనగా వేయి జంట అడుగులు. మైలు అను మాటయే వారి భాషలో వేయి అను మాటనుండి పుట్టినది. రోమను శిల్పశాస్త్రజ్ఞుడైన విట్రూవియసు, బండిచక్రము తిరిగినకొలది మైలుకొక గులకరాయి పాత్రలో రాలు యంత్రమును తన గ్రంథమున వర్ణించెను.

అయితే ఈ లెక్కకై ప్రాణములొడ్డిన కథ మన దేశచరిత్రలోనిది. 19వ శతాబ్ది మధ్యమున టిబెట్టు పరదేశీయులకు మూసిన తలుపు. దాని దారులను కొలువగోరిన సర్వే అధికారి మాంట్‌గోమరీ, కుమావున్ కొండలయందలి మిలాం గ్రామపు ఉపాధ్యాయుడగు నైన్ సింగును ఎన్నుకొనెను. ఎక్కుడైనను, దిగుడైనను, సమతలమైనను ఒకే కొలతగా అడుగు వేయుట అతనికి డెహ్రాడూనున నేర్పిరి. అతని చేతి జపమాలలో పూసలు 108 గాక 100 మాత్రమే. నూరడుగులకొక పూసను జార్చును. మాల ఒకసారి తిరిగినచో 10,000 అడుగులు, అనగా సుమారు 5 మైళ్లు. వ్రాతలను ప్రార్థనాచక్రములో దాచెను. 1865లో బయలుదేరి 1866 జనవరిలో లాసా నగరము చేరెను. గుట్టు బయటపడినచో ప్రాణము దక్కుట దుర్లభము.

ఇచ్చట మనము గమనింపదగిన విశేషమొకటి కలదు. నైన్ సింగు వద్ద జపమాల మాత్రమే గాదు. పెట్టె రహస్యపుటరలో నక్షత్రముల ఎత్తును కొలుచు సెక్స్టెంటు, నీరు మరుగు వేడినిబట్టి కొండల ఎత్తును తెలుపు ఉష్ణమాపకము కూడ నుండెను. మాల దూరమును చెప్పెను. నక్షత్రములు స్థానమును చెప్పెను. మరిగిన నీరు ఎత్తును చెప్పెను. ఒకదాని పని వేరొకటి చేయజాలదు. ఏ ప్రశ్నకు ఏ సాధనమో ఎరిగియుండుటయే అతని నేర్పు.

సరిగా నూరేండ్లకు, 1965లో, జపానునందు యమాసా అను సంస్థ ‘మంపోకే’ అను పరికరమును అమ్మజూపెను. ఆ మాటకు పదివేలడుగుల మాపకమని అర్థము. ఆ సంఖ్య వినుటకింపైన పేరుగా నిలిచినదే గాని వైద్యపరిశోధనవలన తేలినది గాదు. సగటున 72 ఏండ్ల వయస్సుగల 16,741 మంది స్త్రీల విషయమై 2019లో ప్రకటింపబడిన అమెరికా పరిశోధనలో, దినమునకు సుమారు 2,700 అడుగులు నడచువారికంటె 4,400 అడుగులు నడచువారిలోనే మరణములు తక్కువగా కనబడెను. 7,500 దాటినపిదప అదనపు లాభము కనబడలేదు.

ఇక నాడి లెక్క. మన వైద్యులు నాడిని లెక్కించుటకంటె దాని నడకను పరిశీలించిరి. శార్ఙ్గధర సంహిత నాడీగతిని పాము, కప్ప, హంస మొదలగువాని గమనములతో పోల్చినది. 1707లో ఆంగ్ల వైద్యుడు జాన్ ఫ్లాయరు ఒక నిమిషమును కొలుచు గడియారముతో నాడిని లెక్కించు పద్ధతిని ప్రకటించెను. 1930లలో హెర్ట్జ్‌మను వేలిపై కాంతిని ప్రసరింపజేసి నాడీస్పందనను గుర్తించెను. నేటి పట్టీల అడుగున మెరయు పచ్చని కాంతి ఆ పద్ధతికి సంతానమే.

మరి ఖరీదైన రకము అన్నిటిని సరిగా చెప్పునా? 2017లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఏడు పరికరములను పరీక్షింపగా, ఆరింటిలో గుండెవేగపు తప్పు నూటికి 5లోపుగనే యుండెను. ఖర్చయిన కెలోరీల లెక్కలో మాత్రము అన్నిటికంటె మేలైనదియు నూటికి 27 వంతులు తప్పెను. 2016లో ప్రకటింపబడిన పిట్స్‌బర్గు పరిశోధనలో, 471 మంది యువజనులలో పరికరమును ధరించినవారు రెండేండ్లలో సగటున 3.5 కిలోలు తగ్గగా, అది లేకయే శిక్షణ పొందినవారు 5.9 కిలోలు తగ్గిరి.

కావున దినదినము నడచుచున్నామా లేదా అనునదే మన ప్రశ్నయైనచో సామాన్యమైన పట్టీ చాలును. వ్యాయామమున గుండెవేగము ఇంతకు మించరాదని వైద్యుడు చెప్పియున్నను, గుండె లయ తప్పుచున్నదను అనుమానమున్నను, ఖరీదైన రకము ఉపకరింపవచ్చును. దాని వ్రాతను వైద్యునకు చూపవలెను. గుండెపోటును అది పసిగట్టజాలదు గనుక, ఎదలో నొప్పి కలిగినప్పుడు మణికట్టును చూచుచు కూర్చుండక ఆసుపత్రికి పోవలెను. మన ప్రశ్న ఏదో ఇంటివారందరు ముందుగా కాగితముపై వ్రాసికొని అంగడికి వెళ్లినచో, ఎన్నిక కష్టము గాదు.