రోడ్డు ఎవడబ్బ సొమ్ము?

"రోడ్ ట్యాక్స్ కట్టేది మనం, అడ్డం వచ్చేది వీళ్ళు". ఆఫీసు క్యాబ్ ముందు మెల్లగా సైకిల్ తొక్కుకుంటూ పోతున్న సెక్యూరిటీ గార్డుని చూసి మా టీమ్ లో ఒకాయన అన్న మాట ఇది. ఆయన విసుక్కున్నందుకు కాదు, అందులో ఏదో గొప్ప లాజిక్ ఉన్నట్టు మిగతావాళ్ళంతా తలలూపారు చూశారూ, అక్కడ నాకు ఒళ్ళు మండింది. క్యాబ్ లో వాదించే ఓపిక లేదు గానీ, ఇక్కడ తీరిగ్గా రాసుకోవచ్చు కదా.

అసలు ఈ గొడవ కార్లు పుట్టకముందే కోర్టుకెక్కింది. లండన్ ఉత్తరాన మస్వెల్ హిల్ అని ఒక ఏటవాలు రోడ్డు. అక్కడ గుడ్విన్ అనే ఆయన సైకిల్ మీద జనం హడలిపోయేంత వేగంగా దిగాడని కేసు పెట్టారు. పెట్టడానికైతే పెట్టారు గానీ, ఏ సెక్షన్ కింద? అప్పటికున్నది 1835 నాటి హైవే చట్టం. అందులో గుర్రాన్ని గానీ, బండిని గానీ ప్రమాదకరంగా తోలితే జుల్మానా అని ఉంది. సైకిల్ ఊసే లేదు, ఎందుకంటే 1835 నాటికి పెడల్ సైకిల్ అన్నదే వాడుకలో లేదు. సైకిల్ బండే కాదు, దాన్ని 'తోలడం' అనరు అని గుడ్విన్ తరఫు వాదన. 1879 లో జడ్జిలు దాన్ని కొట్టిపారేశారు. సైకిల్ కూడా బండే, తొక్కేవాడు తోలేవాడే అని తేల్చారు.

ఆ తీర్పు సైకిలిస్టుని శిక్షించడానికి ఇచ్చింది. కానీ తిరగేసి చూడండి. సైకిల్ బండి అయినప్పుడు, బండికున్న బాధ్యతలతో పాటు బండికున్న హక్కులు కూడా దానికి వస్తాయి కదా! బగ్ అని ఫైల్ చేసింది కాస్తా ఫీచర్ అయి కూర్చుందన్నమాట. అయితే 1878 లోనే ఇంకో చట్టం సైకిళ్ళ మీద సొంత రూల్స్ పెట్టుకునే అధికారం కౌంటీలకి ఇచ్చింది. దాంతో ఊరికో రూలు తయారైంది. 1888 లో పార్లమెంటు ఆ అధికారం పీకేసి, దేశం మొత్తానికి సైకిల్ బండే అని చట్టంలోనే రాసేసింది. బదులుగా చీకటిపడ్డాక దీపం ఉండాలి, ఎవర్నైనా దాటేటప్పుడు బెల్లో విజిలో కొట్టాలి అంది. (డైనమో లైటు లేకపోతే పోలీసు టైర్లో గాలి తీసేసేవాడని మన నాన్నల తరం చెప్పే కథలు గుర్తొచ్చాయా? ఆ రూలు వంశవృక్షం ఇదే.)

అమెరికాలో కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1880 లో న్యూపోర్ట్ అనే ఊళ్ళో 'లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్' అని సైకిలిస్టుల సంఘం పుట్టింది. అప్పట్లో ఊరు దాటితే రోడ్లన్నీ బురదే. సైకిల్ తొక్కాలంటే రోడ్డు కావాలి కాబట్టి వీళ్ళు రోడ్ల కోసం ఉద్యమం మొదలెట్టారు. 'గుడ్ రోడ్స్' అని పత్రిక నడిపారు, రైతుల్ని ఒప్పించారు, రాజకీయ నాయకుల వెంటపడ్డారు. 1893 లో అక్కడి వ్యవసాయ శాఖలో రోడ్ల గురించి ఒక చిన్న ఆఫీసు తెరిచారు. ఇప్పటి ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ కి మూలపురుషుడు అదే. అంటే మన టెకీలు యాభై ఐదు, అరవై మైళ్ళ స్పీడులో క్రూజ్ కంట్రోల్ పెట్టుకుని పోయే ఆ హైవేల వెనక ఉన్న మొదటి గోల సైకిలిస్టులదే. ఆ తర్వాత మూడేళ్ళకి, 1896 మే 30 న, న్యూయార్క్ లో ఒక మోటారు బండి సైకిల్ తొక్కుతున్న ఒకావిడని గుద్ది కాలు విరగ్గొట్టింది. అమెరికాలో రికార్డుకెక్కిన మొదటి కారు ప్రమాదం ఇదే అంటారు. ఆ బండి తయారుచేసిన డ్యూరియా సోదరులు కూడా మొదట్లో సైకిల్ మెకానిక్కులే. ఏం చెప్తాం!

ఇక 1970ల్లోకి దూకుదాం. కార్లు రోడ్లన్నీ ఆక్రమించేశాక, సైకిల్ వాడిని కాపాడేదెలా అన్న ప్రశ్నకి ఒకే దశాబ్దంలో రెండు జవాబులొచ్చాయి.

మొదటిది మన తెలుగువాళ్ళు గుంపులుగా ఉండే సిలికాన్ వ్యాలీలోనే. పాలో ఆల్టో నగరం ఒక రోడ్డు మీద సైకిళ్ళు ఫుట్‌పాత్ మీదే పోవాలంది. జాన్ ఫారెస్టర్ అనే ఇంజనీరు రోడ్డు మీదే తొక్కాడు, టికెట్ పడింది. ఆయన ఊరుకోలేదు, పోరాడాడు, చివరికి ఆ రూలు పోయింది. సైకిలిస్టు కూడా డ్రైవరే, లేన్ లో డ్రైవర్ లాగే నడుచుకోవాలి, పక్క దారుల్లోకి నెట్టడం భద్రత కాదు, వెలివేత అన్నది ఆయన వాదన. 1976 లో 'ఎఫెక్టివ్ సైక్లింగ్' అని పుస్తకమే రాశాడు.

రెండోది నెదర్లాండ్స్. 1971 లో అక్కడ రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. విక్ లాంగెన్‌హాఫ్ అనే పాత్రికేయుడి ఆరేళ్ళ కూతురు స్కూలుకి వెళ్తూ వాళ్ళలో ఒకతి అయింది. 1972 లో ఆయన 'పిల్లల హత్యలు ఆపండి' అని అర్థం వచ్చే శీర్షికతో వ్యాసం రాశాడు. అదే ఉద్యమం పేరైంది. తల్లిదండ్రులు రోడ్లెక్కారు. 1973 లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు బంద్ చేయడంతో, ఖాళీ రోడ్డు ఎలా ఉంటుందో జనానికి కళ్ళారా కనబడింది. మెల్లగా వేరే సైకిల్ దారులు, కార్లు నడక వేగంతో పోవాల్సిన ఇళ్ళ వీధులు వచ్చాయి. 2023 లో అక్కడ రోడ్డు మరణాలు 684. జనాభా పెరిగింది, కార్లు ఎన్నో రెట్లు పెరిగాయి, అయినా.

ఫారెస్టర్ ది సిద్ధాంతంగా నాకు భలే నచ్చుతుంది. గట్టి కాళ్ళున్న కుర్రాడికి అది పని చేస్తుంది కూడా. కానీ ఎనిమిదేళ్ళ పిల్లని లారీ ముందు లేన్ మధ్యలో తొక్కమనగలమా? వాడేవాడు హీరో అయితేనే నడిచే సిస్టమ్ ని నేనైతే రివ్యూలో పాస్ చెయ్యను.

డచ్ వాళ్ళ గురించి ఫార్వర్డ్ అవుతుండే ఒక ముక్క: "అక్కడ ఎప్పుడూ కారువాడిదే తప్పు". అది సరి కాదు. జైలు, నేరం వేరే సంగతి. నష్టపరిహారం విషయంలో మాత్రం, గుద్దుకుంది 14 ఏళ్ళ లోపు పిల్లలనైతే దాదాపు మొత్తం కారు వైపే కట్టాలి, పెద్దవాళ్ళయితే తప్పు వాళ్ళదే అయినా కనీసం సగం కట్టాలి. కట్టేది ఇన్సూరెన్స్ కంపెనీ. ఎక్కువ బరువు, ఎక్కువ వేగం తెచ్చినవాడు ఎక్కువ పూచీ పడాలన్న లెక్క అది.

మళ్ళీ మా టీమ్ మేధావి ట్యాక్స్ లాజిక్ కి వస్తే, మన రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితా 57 వ అంశం చదవండి. ఇంజన్ ఉన్నా లేకపోయినా రోడ్డు మీద నడిచే బండి మీద పన్ను వెయ్యొచ్చు అనుంది. సైకిల్ కి పన్ను కట్టి బిళ్ళ తగిలించుకున్న తరం ఇంకా మన ఇళ్ళల్లో ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం సైకిల్ కి లైసెన్సు, రిజిస్ట్రేషన్ అడగదు. అడగకపోవడం అంటే రోడ్డు మీదకి రావద్దనడం కాదు కదా. ఐనా 2013 లో కలకత్తా పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్ళు నిషేధించారు. పాలవాళ్ళు, పేపర్ కుర్రాళ్ళు ఏ రెక్కలు కట్టుకుని పోవాలో మాత్రం చెప్పలేదు. మన హైదరాబాద్ ఔటర్ పక్కన 2023 లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. బాగుంది, నిజంగానే బాగుంది. కాకపోతే నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళే గార్డు తొక్కేది దాని మీద కాదు, మన క్యాబ్ ముందు.

అలాంటి గార్డుని ఏదో బండి గుద్దేసి దొరక్కుండా పోతే ఏంటి సంగతి? హిట్ అండ్ రన్ పరిహారం చాలాకాలం చనిపోతే 25 వేలు, తీవ్ర గాయమైతే 12,500 ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది 2 లక్షలు, 50 వేలు అయింది. దరఖాస్తు పెట్టాల్సింది కోర్టులో కాదు, ఆ ప్రాంతపు ఆర్డీవో లేదా తహసీల్దారు దగ్గర. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కి, మీ ఆఫీసు గేటు దగ్గర ఉండేవాళ్ళకి ఈ ముక్క తెలిసే అవకాశం తక్కువ. కుదిరితే ఈసారి కనబడ్డప్పుడు చెప్పండి.