కోళ్ళ ప్రదర్శన: పెంపకం యెవరిది, పేరు యెవరిది?

సంస్కృతీ చరిత్ర రాసేవారు కోడి జోలికి పోవటం అరుదు. పోయినా పల్నాటి యుద్ధం దగ్గర ఆగిపోతారు. నాగమ్మ పుంజు, బ్రహ్మనాయుని పుంజు బరిలో దిగటం, ఓడినవారు రాజ్యం విడిచి పోవటం తెలుగువాడికి ఉగ్గుపాలతో అబ్బిన కథ. దండి దశకుమార చరితంలోనూ ఒక కోడిపందెం వుంది. ప్రమతి దారిలో ఆగి, నారికేళ జాతి పుంజుకూ బలాక జాతి పుంజుకూ జరిగిన పోరు చూస్తాడు. ఆ గ్రంథాన్ని పదమూడో శతాబ్దిలో కేతన తెలుగు చేశాడు. యీ కథలలో పందెం కాసినవారి పేర్లున్నాయి, గెలిచినవారి పేర్లున్నాయి. ఆ పుంజును గుడ్డుగా వున్నప్పటినుంచి కనిపెట్టి, పిల్లనాడు గద్దకు చిక్కకుండా కాపాడి, నెలల తరబడి మేపిన మనిషి పేరు మాత్రం లేదు.

యీ లోటు మన కావ్యాలకే పరిమితమా? కాదు. కోడిని పోరు కోసం గాక రూపం కోసం పెంచి, పదిమంది ముందు ప్రదర్శనకు పెట్టే వేడుక యింగ్లండులో పందొమ్మిదో శతాబ్దిలో స్థిరపడింది. అక్కడినుంచి అమెరికాకూ, తక్కిన దేశాలకూ వ్యాపించింది. నేటికీ వేలాదిమంది దానికి జీవితాంతం అంకితమై వున్నారు. ఆ వేడుక చరిత్రను తరచి చూస్తే అక్కడ కూడా యిదే ప్రశ్న యెదురవుతుంది: పెంచిందెవరు, పేరు దక్కిందెవరికి?

యింగ్లండులో కోడిపందెపు బరులు నడపటాన్ని 1835లో చట్టం నిషేధించింది. 1849 చట్టం శిక్షలను కట్టుదిట్టం చేసింది. మూగజీవాల హింసను ఆపటం మంచిపనే. దాన్ని తప్పుపట్టేవారెవరూ వుండరు. ఐతే ఆ మంచితనం ఏ గుమ్మం దగ్గర ఆగిపోయిందో కూడా చూడాలి. కూలివాడూ, గనికార్మికుడూ చేరే బరి 1835లోనే నేరమైంది. ప్రభువులు గుర్రాలెక్కి వేటకుక్కలతో నక్కను తరిమి చంపించే వినోదాన్ని నిషేధించే చట్టం మాత్రం 2004లో గాని రాలేదు. నడుమ నూట అరవై తొమ్మిదేళ్ళ దూరం వుంది. కరుణకు కూడా వర్గం వుంటుందనటానికి యింతకన్న నిదర్శనం అక్కరలేదు.

బరి మూతపడింది గాని, పక్షి మీది మమకారం చావలేదు. అది మరో దారి వెతుక్కుంది. 1845లో లండన్ జంతు ప్రదర్శనశాలలో కోళ్ళ ప్రదర్శన జరిగింది. తరువాత బర్మింగ్‌హాంలో మొదలైన ప్రదర్శన పెద్ద పేరు తెచ్చుకుంది. పుంజు యెంత గట్టిగా తన్నుతుందన్న ప్రశ్న పోయి, దాని యీక యెంత చక్కగా వుందన్న ప్రశ్న వచ్చింది. చరిత్రకారులు సాధారణంగా యిక్కడే కథ మొదలుపెడతారు. కాని యింతకు ముందే కథ నడుస్తున్నది. దాన్ని నడిపినవారు లాంకషైర్, యార్క్‌షైర్ ప్రాంతాల శ్రామికులు.

పొగగొట్టాల నీడలో, యిరుకు పెరళ్ళలో వారు ఒక అపురూపమైన కోడిని తయారు చేశారు. దాని యీకల చివర గుండ్రని నల్లమచ్చ వుంటుంది. ఆ మచ్చ చంద్రబింబంలా వుండాలని వారి పట్టుదల. అందుకే దానికి ‘మూనీ’ అని, అంటే చందమామ కోడి అని, పేరు పెట్టుకున్నారు. మచ్చ యెంత పెద్దది, యెంత గుండ్రనిది, యెంత నిగనిగలాడుతున్నది అన్నదాన్నిబట్టి ఉత్తమమైన కోడిని యెంచేవారు. అక్షరం రాని మనుషులు కూడా ఏ పెట్టకు ఏ పుంజును జతచేస్తే మచ్చ చెదరకుండా వస్తుందో తరతరాల అనుభవంతో కనిపెట్టారు. దీన్ని శాస్త్రమనకపోతే మరేమనాలి?

పట్టణాల పెద్దమనుషులు ప్రదర్శనలు పెట్టిన తరువాత యీ కోడి ‘హాంబర్గ్’ అనే పేరు కింద చేరిపోయింది. లాంకషైర్ పెరడులో రూపం దిద్దుకున్న పక్షికి పరాయి రేవు పేరు అతుక్కుంది. అదే కాలంలో సర్ జాన్ సీబ్రైట్ అనే జమీందారు, పార్లమెంటు సభ్యుడు, ఒక చిన్నజాతి కోడిని రూపొందించాడు. ప్రతి యీకకూ నల్లని అంచు కుట్టినట్టుండే ఆ కోడిని నేటికీ ‘సీబ్రైట్’ అనే పిలుస్తున్నారు. ఆయన నేర్పును తక్కువ చేయటం నా ఉద్దేశం కాదు. పశుజాతులను మెరుగుపరచే విధానంపై ఆయన 1809లో ప్రచురించిన చిన్నపుస్తకం విలువైనదే. కాని ఒకే విద్యలో ఆరితేరిన యిద్దరిలో జమీందారు పేరు పక్షిమీద నిలవటం, నేతగాని పేరు గాలిలో కలవటం యాదృచ్ఛికం కాదు.

యీ వేడుక ఒక్కసారిగా జ్వరంలా మారటం వెనుక మరో చరిత్ర వుంది. 1842లో నల్లమందు యుద్ధం ముగిసి, నాన్‌కింగ్ సంధితో షాంఘై మొదలైన చైనా రేవులు బ్రిటిష్ వర్తకానికి తెరుచుకున్నాయి. ఆ రేవులనుంచి వచ్చిన ఓడలలో తేయాకుతోపాటు భారీకాయపు కోళ్ళు దిగాయి. కాళ్ళనిండా యీకలు, దూదిబస్తావంటి ఒళ్ళు. విక్టోరియా రాణి కోళ్ళశాలలో వీటి బంధువులకు చోటు దొరికేసరికి ధనికులందరికీ మోజు పుట్టింది. ఒక్కొక్క జత కూలివాని ఏడాది సంపాదనను మించిన ధర పలికింది. షాంఘైనుంచి వచ్చిన కోడిని ‘కొచ్చిన్ చైనా’ అన్నారు. అమెరికాలో తయారైన మరొక దానికి మన బ్రహ్మపుత్ర పేరు తగిలించి అమ్మారు. అదే నేటి ‘బ్రహ్మ’ జాతి. యే నది ఒడ్డున పుట్టిందన్న విచారం వర్తకునికి లేదు. ప్రాచ్యదేశపు పేరు చెవికి యింపుగా వుంటే చాలు, ధర పెరుగుతుంది.

అమెరికాలో 1849 నవంబరులో బోస్టన్ నగరపు తోటలో తొలి ప్రదర్శన జరిగింది. సుమారు వెయ్యి పక్షులను చూడటానికి పదివేలమంది వచ్చారు. ఆ మోజును సొమ్ము చేసుకున్న జార్జి బర్న్‌హాం అనే వ్యాపారి 1852లో కొన్ని కోళ్ళను విక్టోరియా రాణికి కానుకగా పంపి ప్రచారం సంపాదించాడు. జ్వరం చల్లారిన తరువాత 1855లో ‘ది హిస్టరీ ఆఫ్ ది హెన్ ఫీవర్’ అనే గ్రంథం రాసి, కొన్నవారి వెర్రినీ, అమ్మినవారి టక్కునూ తానే బయటపెట్టి నవ్వాడు. ధనస్వామ్యం ఒక అభిరుచిని సరుకుగా మార్చే తీరు తెలుసుకోవాలంటే యీ హాస్యగ్రంథం ఆర్థికశాస్త్ర పాఠానికేమీ తీసిపోదు.

యీ జ్వరానికి సాహిత్యం యిచ్చిన జవాబు ఒకటుంది. హెర్మన్ మెల్విల్ 1853లో ‘కాక్-ఎ-డూడుల్-డూ’ అనే కథ ప్రచురించాడు. మెరీమస్క్ అనే కట్టెలు కోసే పేదవాని గుడిసెలో ఒక షాంఘై పుంజు వుంటుంది. అది కూస్తే ఆ ప్రాంతమంతా దద్దరిల్లుతుంది. కథ చెప్పే పెద్దమనిషి దాన్ని కొనబోయి బేరం అయిదు వందల డాలర్లదాకా పెంచుతాడు. భార్య మంచంమీద వుంది. పిల్లలు జబ్బుతో వున్నారు. ఐనా అతడు అమ్మడు. పైగా, అంత ధర కాదన్నవాణ్ణి నేను పేదవాణ్ణెలా ఔతానన్న ధోరణిలో మాట్లాడతాడు. చివరకు ఆ యింటిల్లిపాదీ, ఆ పుంజూ కూడా చనిపోతారు. యీ కథ మూఢత్వాన్ని వెక్కిరిస్తున్నదా, ఆత్మగౌరవాన్ని కీర్తిస్తున్నదా అన్న చర్చ వుంది. రెండూ వున్నాయని నా అభిప్రాయం. పేదవాడు అన్నం మానుకొని అందాన్ని నిలబెట్టుకోవలసి రావటం అందం చేసిన నేరం కాదు, సమాజం చేసిన నేరం.

మోజు పోయిన తరువాత నిజమైన పెంపకందారులు మిగిలారు. 1865లో టెగెట్‌మయర్ సంపాదకత్వాన బ్రిటన్‌లో తొలి ప్రమాణగ్రంథం వెలువడింది. అమెరికావారి సంఘం 1873లో ఏర్పడి, మరుసటేడు తన ప్రమాణాలను ప్రకటించింది. ఏ జాతికి యెంత తూకం, తలమీది జుట్టు యే ఆకారం, కాలు యే రంగు అన్నవన్నీ రాసిపెట్టారు. ఆ గ్రంథాల మాటకు యెంత బలముందో డార్విన్ 1868లో ప్రచురించిన గ్రంథంలో చూపించాడు. స్పానిష్ పుంజుకు పక్కకు వాలే జుట్టు నిటారుగా వుండాలని తీర్పరులు నిర్ణయించగా, అయిదేళ్ళలో పెంపకందారులు ఆ పని సాధించారట. మాట యిచ్చింది తీర్పరి, జుట్టును నిలబెట్టింది పెంపకందారు. కోళ్ళ విషయంలో డార్విన్‌కు సమాచారం అందించినవాడు టెగెట్‌మయరే. తరువాత 1902లో బేట్‌సన్ మెండెల్ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని నిరూపించినప్పుడు, ఆయన చేతిలోని సాధనాలు కోళ్ళ జుట్టులూ రంగులే. ఆ తేడాలను తరతరాలుగా ఏరి నిలబెట్టినవారు లేకపోతే ఆ ప్రయోగాలకు సామగ్రి యెక్కడిది?

యీ వేడుక జీవితాంతం యెందుకు పట్టుకుంటుందో కూడా ఆలోచించాలి. కోడిలో మంచి జత కుదిర్చి, పొదిగించి, పిల్లలు యెదిగి, రూపం తేలేసరికి ఏడాది పడుతుంది. అంటే ఒక మనిషికి తన జీవితంలో ముప్ఫై నలభై తరాలకు మించి చూసే యోగం లేదు. కొన్ని జాతులలో ప్రదర్శనకు తగిన పుంజులను యిచ్చే జంట వేరు, తగిన పెట్టలను యిచ్చే జంట వేరు. రెండు వంశాలనూ విడివిడిగా కాపాడుకోవాలి. ప్రదర్శన ఒక్క పూట. ముందు రోజు స్నానం చేయించి, కాళ్ళు తుడిచి, బోనులో నిలబెట్టే ఆ పూట వెనుక ముప్ఫై ఏళ్ళ జ్ఞాపకం వుంటుంది. యిది కాలక్షేపం కాదు, ఒక తరహా రచన.

యిక మన సంగతి. ఆంధ్రదేశం ప్రధాన స్థానాలలో ఒకటైన అసీల్ జాతి బ్రిటిష్ ప్రమాణగ్రంథాలకెక్కింది. అరబ్బీలో ఆ మాటకు అచ్చమైన జాతి అని అర్థం. బ్రిటిష్ అధికారులు తీసుకుపోయిన అసీల్ పుంజుల రక్తం కార్న్‌వాల్ ప్రాంతపు కోళ్ళతో కలిసి ‘ఇండియన్ గేమ్’ అనే జాతి పుట్టింది. యిరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో అమెరికావారు ‘ఇండియన్’ మాట తీసేసి ‘కార్నిష్’ అని వుంచారు. 1948లో ‘రేపటి కోడి’ పేరిట అమెరికాలో జరిగిన జాతీయ పోటీలో బహుమతి కొట్టినది కార్నిష్ సంకరమే. నేడు ప్రపంచమంతటా తినే బ్రాయిలర్ రొమ్ముకండలో మన దేశపు కోడి వారసత్వం వుంది. పేరులో మాత్రం లేదు.

మన పల్లెలలోని జ్ఞానం తక్కువదా? డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, కక్కెర అంటూ యీకరంగును బట్టి పుంజులను విభజించే కుక్కుటశాస్త్రం మన ప్రమాణగ్రంథం. ఐతే అది పందెపురాయుని అవసరానికి, తిథివారాల నమ్మకానికి లోబడిపోయింది. నా చిన్ననాడు మా ఊళ్ళో ఒక పాలేరు ఆసామి పుంజులను సాకేవాడు. చోళ్ళు, గంట్లు తన చేత్తో పెట్టేవాడు. ఒక సంక్రాంతినాడు పుంజు ఓడింది. చచ్చిన పక్షిని గెలిచినవారు పట్టుకుపోయారు. ఆసామి బండెక్కి వెళ్ళాడు. ఖాళీ గంపతో గట్టుమీద కూర్చున్న పాలేరును నేను అడిగితే, ‘పుంజు ఆరిది బాబూ, పెట్ట మాది. జాతి పెట్టలో వుంటది’ అన్నాడు. యెమ్మే పాఠాలలో యింత గట్టి వాక్యం నాకు తారసపడలేదు.

కత్తికట్టి పందెం వేయటం మన దేశంలో చట్టరీత్యా నేరం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అమలులోనే వుంది. అమలు సంగతి ప్రతి సంక్రాంతికీ అందరం చూస్తున్నదే. కాని ఇటీవలి ఏళ్ళలో ఆంధ్రదేశంలో చిలకముక్కు, పొడవుతోక గల అసీల్ పుంజులకు రక్తం చిందని ప్రదర్శన పోటీలు జరుగుతున్నాయి. యింగ్లండు నూట డెబ్భై ఏళ్ళ నాడు తిరిగిన మలుపు యిది. దాన్ని స్వాగతించాలి. ఐతే ఆ దేశపు తప్పును కూడా దిగుమతి చేసుకోనక్కరలేదు. ధర లక్షలకెక్కిన కొద్దీ పుంజు కొన్నవాని పేరే బోనుమీద వేలాడుతుంది. పక్కనే దాన్ని పొదిగించి, సాకినవాని పేరు రాయమని నిర్వాహకులను అడగటం పెద్ద కోరిక కాదు. ప్రమాణాలు నిర్ణయించే చోట కొనుగోలుదారులతోపాటు సాకేవారికి ఆసనం వేయాలి. వారి నోటిలో వున్న మాటలను, జతల లెక్కలను కాగితంమీదికి ఎక్కించాలి. ఆ పని సాహిత్య విద్యార్థులదీ కూడా. పల్నాటి కథలో ఖాళీగా మిగిలిన చోటు యింకా ఖాళీగానే వుంది. కనీసం మన తరంలోనైనా అక్కడ ఒక పేరు రాద్దాం.