సిజేరియన్ కాన్పు ఖర్చు, చెల్లింపు మార్గాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

తల్లి పొట్టనూ గర్భసంచినీ కోసి బిడ్డను బయటికి తీసే శస్త్రచికిత్స సిజేరియన్. ఇబ్బందులేవీ లేకపోతే గంటలోపే ముగిసే ఈ ఆపరేషన్‌కు తెలుగు రాష్ట్రాల్లో ఒక కుటుంబం చేతి డబ్బు దాదాపు పడకుండా బయటపడవచ్చు, మరో కుటుంబం రెండు లక్షలు దాటి కట్టవచ్చు. కోతా కుట్లూ రెండుచోట్లా ఒకటే. ఎక్కడ చేరారు, ఏ గది తీసుకున్నారు, పుట్టిన బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టారా అద్దాల పెట్టెలో పెట్టారా, కార్డుల్లో ఎవరి పేరు ఎలా ఉంది అన్నవాటిని బట్టే బిల్లు తేలుతుంది. వీటిలో సగం సంగతులు నొప్పులు మొదలవక ముందే తేల్చుకోదగ్గవి.

ఎందరికి, ఎందుకు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లు. తెలంగాణలో ఇది 60.7 శాతం, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం; ఆంధ్రలో అవే 63, 26.6 శాతాలు. కరీంనగర్ జిల్లా మొత్తం మీదే 80 శాతం దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో 10–15 శాతం చాలునంది. జనాభా మొత్తంలో ఈ రేటు పది శాతం మించాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్నట్లు కనిపించడం లేదని 2015లో చెప్పింది.

డాక్టర్ల ఆశ ఒక్కటే దీనికి కారణమనడం తేలిక, కానీ అది సగం నిజం. తొలిచూలు నొప్పులు పన్నెండు గంటలు దాటి కూడా సాగవచ్చు. ఒక్క డాక్టరమ్మ మీద నడిచే నర్సింగ్‌హోమ్‌లో అంతసేపు కనిపెట్టుకుని ఉండే మంత్రసానులు లేరు, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మత్తు డాక్టరు లేడు. పగలు పదింటికి ఆపరేషన్ పెట్టుకుంటే అందరికీ వీలు, ఆదాయం కూడా ఎక్కువ. దీనికి ముహూర్తాల పిచ్చి తోడైంది. పంతులుగారు రాసిచ్చిన చీటీ పట్టుకొచ్చి ఫలానా నక్షత్రంలోనే బిడ్డను తీయమనే కుటుంబాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. నొప్పులు భరించలేననే కోడలు, మొదటిది ఆపరేషన్ కనుక రెండోదీ అంతేననే అత్తగారు సరేసరి.

బిల్లులో ఏముంటుంది

2017–18 జాతీయ నమూనా సర్వేలో సిజేరియన్‌కు సగటున అయిన వైద్య ఖర్చు ప్రభుత్వ ఆసుపత్రిలో అయిదున్నర వేల దరిదాపు, ప్రైవేటులో పల్లెవాసులకు 29 వేలు, పట్టణవాసులకు 37 వేలు. అవి దేశం మొత్తానికి సగటులు, పైగా పాతబడ్డాయి. ఇప్పుడు చిన్న పట్టణాల, జిల్లా కేంద్రాల నర్సింగ్‌హోముల్లో సుమారు 35 వేల నుంచి 70 వేల దాకా, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం పెద్ద ఆసుపత్రుల్లో లక్ష నుంచి రెండున్నర లక్షల దాకా అడగడం మామూలు.

ఈ మొత్తంలో ఆపరేషన్ చేసిన డాక్టరు ఫీజు ఒక భాగమే. మత్తు డాక్టరు, పుట్టిన క్షణాన బిడ్డను చూసే పిల్లల డాక్టరు, థియేటర్, నాలుగైదు రోజుల గది, నర్సింగ్, మందులు, కుట్లదారం, రక్తపరీక్షలు వేరువేరు పద్దులు. చాలా కార్పొరేట్ ఆసుపత్రుల్లో గది స్థాయి పెరిగితే అద్దెతో పాటు డాక్టర్ల ఫీజులూ పెరుగుతాయి. ఒకే థియేటర్‌లో ఒకే చేత్తో చేసిన పనికి జనరల్ వార్డులో ఒక ధర, సూట్‌లో మరో ధర పడేది అందుకే. రోజుకు 5,000 దాటిన గది అద్దెపై 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది. ఐసీయూలకు, నవజాత శిశువుల ఐసీయూకు ఇది వర్తించదు.

‘ప్యాకేజీ’ అన్న మాట విని నిశ్చింతగా ఉండకూడదు. సాధారణంగా అందులో ఉండనివి రక్తం, అనుకోకుండా పొడిగించిన రోజులు, అన్నిటికన్నా ముఖ్యంగా బిడ్డ వైద్యం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను నవజాత ఐసీయూలో ఉంచితే నగరంలో రోజుకు పది వేల నుంచి పాతిక వేల దాకా అవుతుంది. పది రోజులుంటే తల్లి ఆపరేషన్ బిల్లు దాని ముందు చిన్నబోతుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న ‘ప్యాకేజీ ఎంత?’ అన్నది కాదు, ‘ప్యాకేజీలో లేనివి ఏమిటి?’ అన్నది. తెలంగాణ అమలు చేస్తున్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నిబంధనల కింద ఆసుపత్రులు ధరలను కనిపించేలా ప్రదర్శించాలి. ఆ బోర్డును వెతుక్కోవలసి రావడం వేరే సంగతి.

ప్రభుత్వ ఆసుపత్రి

2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సిజేరియన్‌తో సహా కాన్పు ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, ఇంటినుంచి ఆసుపత్రికీ మళ్లీ ఇంటికీ బండి, సిజేరియన్ అయితే ఏడు రోజుల దాకా భోజనం ఇందులోకి వస్తాయి. నవజాత శిశువు వైద్యమూ ఉచితమే. ప్రైవేటులో కొంప ముంచేది సరిగ్గా ఈ చివరి పద్దే కనుక, ప్రమాదం ఉందని ముందే తెలిసిన గర్భాలకు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి డబ్బు రీత్యా మేలు. హైదరాబాద్‌లో పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు, విశాఖలో కేజీహెచ్, ఘోషాసుపత్రి, గుంటూరు సర్వజనాసుపత్రి ఇలాంటి కేసులకు పేరుపడ్డవి. ఆంధ్రలో ఇంటికి దిగబెట్టే బండి పేరు ‘తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్’, తెలంగాణలో 102 ‘అమ్మ ఒడి’ వాహనం.

ఉచితమంటే సున్నా కాదు. దేశంలో ప్రభుత్వ కేంద్రాల్లో జరిగిన కాన్పుకు కుటుంబం జేబునుంచి పెట్టింది సగటున 2,916 రూపాయలని పై ఆరోగ్య సర్వేయే తేల్చింది. బయట చేయించిన స్కానింగ్, తోడున్నవాళ్ల తిండి, పోయిన కూలి రోజులకు తోడు ఆయాలకు, స్ట్రెచర్ తోసినవాళ్లకు ఇచ్చే మామూళ్లుంటాయి. మగపిల్లాడైతే మామూలు రేటు పెరుగుతుంది.

నగదు సాయాల్లో పాతది 2005 ఏప్రిల్‌లో వచ్చిన జననీ సురక్షా యోజన. తెలుగు రాష్ట్రాల్లో అర్హులకు గ్రామాల్లో 700, పట్టణాల్లో 600 రూపాయలు. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000, రెండో బిడ్డ ఆడపిల్లయితే 6,000. తెలంగాణ దీన్ని కొన్నేళ్లపాటు అమలు చేయలేదు. ఆ రాష్ట్రం 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ తెచ్చి, ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 విడతలుగా ఇస్తామంది. ప్రభుత్వాలతో పాటు పథకాల పేర్లు, మొత్తాలు, చెల్లింపుల తీరు మారుతుంటాయి. మూడో నెలలోనే ఏఎన్ఎం దగ్గర పేరు నమోదు చేయించుకుంటే ఆ ఏడు ఏది అందుతోందో ఆశా కార్యకర్తే చెబుతుంది. ప్రైవేటులో ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డులు ఏ కాన్పుకు పనికొస్తాయో చేరేముందే ఆసుపత్రిలో ఆ పథకాల సంగతి చూసే ఆరోగ్యమిత్రను అడగాలి. కార్డుంది కదా అని చేరడం పొరపాటు.

బీమా

సొంతంగా కొన్న ఆరోగ్య బీమాలో కాన్పు మామూలుగా ఉండదు. సిజేరియన్ పేరెత్తి మరీ మినహాయించే ప్రామాణిక నిబంధన పాలసీ పత్రంలో ఉంటుంది. గర్భసంచి బయట నిలిచిన గర్భానికి మాత్రం వర్తింపు ఉంటుంది. కాన్పు వర్తించే పాలసీలకు నిరీక్షణ కాలం కొన్ని నెలల నుంచి కొన్నేళ్ల దాకా ఉంటుంది, ఆపైన చెల్లించే మొత్తానికీ పరిమితి. నెల తప్పాక పాలసీ కొంటే ఆ కాన్పుకు ప్రయోజనం లేదు. పెళ్లి అయిన కొత్తలోనే తీసుకోవలసింది ఇది.

కంపెనీ ఇచ్చే బృంద బీమా చాలావరకు మొదటి రోజునుంచే కాన్పును కలుపుకుంటుంది. యాభై వేలు, డెబ్బై అయిదు వేలు లాంటి పరిమితులు సాధారణం; మిగతాది చేతినుంచి. హెచ్ఆర్‌ను అడిగి తేల్చుకోవలసింది బిడ్డ ఐసీయూ ఖర్చు ఆ పరిమితిలోనే పడుతుందా, లేక కుటుంబానికున్న మొత్తం బీమాలోంచి వస్తుందా అన్నది. నగదు రహిత చికిత్సకు గంటలో అనుమతి, డిశ్చార్జి రోజున మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది.

నెల జీతం 21,000 లోపున్న కార్మికులకు ఈఎస్ఐ ఉంది. భర్త పేరున ఉన్నా భార్యకు సనత్‌నగర్ వంటి ఈఎస్ఐ ఆసుపత్రుల్లో కాన్పు జరుగుతుంది. 26 వారాల నగదు ప్రయోజనం మాత్రం చందా కట్టే మహిళకే. ఈఎస్ఐ లేనిచోట పదిమంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ తొలి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో సెలవు, ఉచిత వైద్యం కల్పించకపోతే 3,500 రూపాయల బోనస్ ఇవ్వాలి.

పుట్టిల్లు కట్టే బిల్లు

తెలుగిళ్లలో తొలి కాన్పు పుట్టింటివారి బాధ్యత. ఏడో నెలలోనో తొమ్మిదిలోనో పిల్లను తీసుకెళ్లి, కాన్పు చేయించి, బిడ్డతో మూడో నెలకో అయిదో నెలకో సాగనంపడం ఆచారం. ఈ ఆచారానికీ నేటి చెల్లింపు పద్ధతులకూ పొసగదు. బీమా హైదరాబాద్ అల్లుడి కంపెనీది, నెట్‌వర్క్ ఆసుపత్రులు ఎక్కువగా నగరాల్లో, కాన్పు జరిగేది అమ్మగారి ఊళ్లో. నెట్‌వర్క్‌లో లేని చోట ముందు డబ్బు కట్టి తర్వాత బిల్లులు పంపుకోవాలి, కట్టేదేమో మామగారు, వచ్చే డబ్బు చేరేది అల్లుడి ఖాతాకు. ఆ తిరుగు డబ్బు గురించి నోరు విప్పి మాట్లాడుకునే కుటుంబాలు తక్కువ.

కాగితాలు ఇంకో చిక్కు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాలసీలో అత్తింటి ఇంటిపేరు, డిశ్చార్జి పత్రంలో నర్సుకు వినిపించిన పేరు. ఈ మూడూ కలవకపోతే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. పెళ్లయ్యాక రేషన్ కార్డులో పేరు అక్కడ తీయించి ఇక్కడ చేర్పించకపోతే సర్కారు పథకాల దగ్గరా ఇదే తంటా.

చేతిలో లేనప్పుడు ఎక్కువమంది వెళ్లేది బంగారం తాకట్టుకే. బ్యాంకులో పెడితే వడ్డీ నూటికి రూపాయికి అటూఇటూ, ఊళ్లో నోటు రాస్తే రెండు, మూడు రూపాయలు. డ్వాక్రా సంఘంలో ఉన్న అమ్మకైతే 2011లో మొదలైన స్త్రీనిధి అప్పు దొరకవచ్చు. తొమ్మిది నెలల గడువుకు సరిపడా చిన్న చీటీ కట్టి, ఎనిమిదో నెలలో పాడుకునేవాళ్లూ ఉన్నారు.

రెండో కాన్పు

మొదటి సిజేరియన్ ఖర్చు డిశ్చార్జి రోజుతో ముగియదు. మళ్లీ గర్భం వస్తే మాయ పాత కుట్టుమీద అతుక్కునే ప్రమాదం కొంత పెరుగుతుంది. అది జరిగితే రక్తం, పెద్ద ఆసుపత్రి, ఒక్కోసారి గర్భసంచి తొలగింపు తప్పవు. మొదటిసారి కోత అడ్డంగా, గర్భసంచి కిందిభాగంలో పడి, వేరే ఇబ్బందులు లేనివారిలో చాలామంది రెండోసారి మామూలుగా కనవచ్చు. అయితే అవసరమైన నిమిషాన ఆపరేషన్ చేయగల థియేటర్, రక్తం, మత్తు డాక్టరు సిద్ధంగా ఉన్నచోటే ఆ ప్రయత్నం చేయాలి. కోత ఎలా పడిందో రాసి ఉండేది మొదటి డిశ్చార్జి పత్రంలో. క్లెయిమ్ కోసం అసలు పత్రాన్ని బీమా కంపెనీకి పంపేముందు దాని నకలు తీసి పెట్టుకోవాలి.