పెన్నాతీరమున పందెపు విద్య

పదమూడవ శతాబ్దమున, మనుమసిద్ధి యేలుబడిలో నున్న నెల్లూరిలో, పెన్నానది యొడ్డున తిక్కన సోమయాజి మహాభారతమును విరాటపర్వము మొదలుకొని తెనిగింప బూనినప్పుడు, ఆయన చేతికి తొలుత చిక్కిన పాత్రలలో నొకడు జూదరి వేషము ధరించిన ధర్మరాజు. సభాపర్వమున రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని పణముగా నొడ్డి కోల్పోయిన ఆ మహారాజే యిక్కడ కంకుభట్టను పేరున విరాటుని కొలువున జేరి, పాచికలాడి రాజునకు వినోదము గూర్చుటనే తన యుద్యోగముగా నెన్నుకొనెను. సర్వస్వమును హరించిన విద్యయే జీవనోపాధి యగుట చదువరికి తొలిచూపున వింతగా దోచును గాని, నడుమ అరణ్యపర్వమున జరిగిన సంగతిని స్మరించినచో ఆ వింత తొలగిపోవును. బృహదశ్వుడను మహర్షి ధర్మరాజునకు నలుని కథ వినిపించి, కథాంతమున అక్షహృదయమను విద్య నుపదేశించెను. ఆ కథలోనే ఋతుపర్ణుడు దారిపక్కనున్న తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కగట్టి చెప్పుటయు, నలుడు తన యశ్వహృదయము నతని కిచ్చి బదులుగా అక్షహృదయమును గ్రహించుటయు గలదు. వేదకాలపు జూదరులు పాచికలుగా వాడినవి ఆ తాండ్రకాయలే యని ఎఱిగినవారికి, చెట్టుకొమ్మను లెక్కించు నేర్పునకును పందెమునకును గల చుట్టరికము సుబోధమే. పాస్కలు, ఫెర్మాలు జూదపు చిక్కులను గూర్చి 1654లో వ్రాసికొన్న లేఖలనుండి సంభావ్యతాగణితము పుట్టినదని ఐరోపావారు చెప్పుకొందురు. అంతటి శాస్త్రము మనకుండెనని డప్పు కొట్టుట నా యుద్దేశము గాదు. జూదమున దైవముతో పాటు లెక్కయు నున్నదన్న భావము తిక్కన కాలమునాటికే యీ తీరమున పురాణశ్రవణము చేయు సామాన్యునకు సైతము పరిచితమై యుండెనని మాత్రమే చెప్పవలసి యున్నది.

పాచికల వెనుక ముక్కలు వచ్చినవి. బాబరు 1527లో సింధు పాలకునకు గంజీఫా ముక్కలను పంపినట్లు తన స్మృతులలో వ్రాసికొనెను. లక్కపూతతో మెఱయు ఆ గుండ్రని ముక్కలు క్రమముగా దక్కనులోనికి దిగివచ్చి, దశావతారముల బొమ్మలు దాల్చి దేశీయము లైనవి. కాని నేడు మనవా రాడు నలుపలకల పేక ఓడలమీద వచ్చిన సరకు. పులికాటున డచ్చివారు 1610 ప్రాంతమున కాలూని కోట గట్టుకొనిరి. 1626లో ఆంగ్లేయులు దుగరాజపట్నమున, తమ వాడుకలో ఆర్మగానున, స్థావర మేర్పఱచుకొని, పదునాలుగేండ్లు తిరుగక మునుపే దానిని విడిచి చెన్నపట్టణమునకు తరలిపోయిరి. వారిలో ఎవరి సంచిలోని పేక యీ ఇసుకమీద మొదట పఱువబడెనో గాని, తెలుగువాడు నేటికిని కళావరు, ఆఠీను అని పలుకుచున్నంత కాలము డచ్చి నావికుల ఋణమును కాదనజాలడు.

ముక్కలు రాగానే ఆటలు రెండు త్రోవల జీలినవి. లోనబయట, మూడుముక్కలాట వంటివి ఒక త్రోవ. పదమూడు ముక్కల రమ్మీ మఱియొక త్రోవ. జాతరలో తుండుగుడ్డ పఱచి లోనబయట ఆడించువాడును, రిక్రియేషను క్లబ్బులో విసనకఱ్ఱ క్రింద గూర్చుండి రమ్మీ యాడు ప్లీడరును ఒకే చట్టమునకు లోబడవలెనా యను ప్రశ్న అప్పుడే పుట్టినది. నెల్లూరు మండలము మద్రాసు రాష్ట్రమున నుండుటచే ఇచ్చట 1930 నాటి మద్రాసు గేమింగు చట్టము చెల్లెను. తెలంగాణమున ఫసలీ 1305 నాటి హైదరాబాదు జూదశాసనము నడచుచుండెను. ఈ రెండవదాని క్రిందనే సికిందరాబాదులోని క్రెసెంటు రిక్రియేషను క్లబ్బుపై పోలీసులు దాడిచేయగా, ఆ వ్యాజ్యము మెట్లెక్కి మెట్లెక్కి అత్యున్నత న్యాయస్థానమును జేరినది. 1967 నవంబరులో న్యాయమూర్తి హిదాయతుల్లా వెలువరించిన తీర్పు, యావద్దేశమునకును రమ్మీ విషయమున ప్రమాణ మైనది: పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయందును, ఏది పట్టవలెను, ఏది పాఱవేయవలెను అని నిర్ణయించుటయందును నేర్పు కావలెను గనుక రమ్మీ ప్రధానముగా నైపుణ్యక్రీడయే గాని మూడుముక్కలాట వంటిది గాదని దాని తాత్పర్యము. ఆటవలన నడపువాడు లాభము దీసికొన్నచో నేరము గావచ్చునని కూడ ఆ తీర్పే హెచ్చరించినది. ఈ రెండవ వాక్యమును మనవారు సౌకర్యముగా మఱచిరి. తదుపరి 1974లో ఆంధ్రప్రదేశమున కంతటికిని ఒకే గేమింగు చట్టము వచ్చినది.

తీర్పులో పట్టుటకును పాఱవేయుటకును దక్కిన గౌరవము, ఆటగాండ్రలో మిక్కిలి అనుభవజ్ఞులు ఎన్నదగినదిగా భావించు మూడవ క్రియకు దక్కలేదు. అది డ్రాపు. రమ్మీలో పంచిన ముక్కలు చేతికి రాగానే, లైఫు, అనగా జోకరు లేని వరుస, పడు సూచన లేక, జోకరు లేక, పెద్దముక్కలు చెదరియున్నచో, వివేకి ఒక్క ముక్కయైన లాగక చేయి దించివేయును. సాధారణముగా మొదటనే దించిన వానికి ఇరువది పాయింట్లు, నడుమ దించిన వానికి నలువది, తుదివఱకు కూర్చుండి ఎదుటివాడు షో చేసినప్పుడు లైఫు లేకుండ దొఱికిన వానికి ఎనుబది వఱకు పడును. ఇరువదిని ఇచ్చి ఎనుబదిని తప్పించుకొనుట లెక్కకు సులభము, మనసునకు కష్టము. డబ్బు పోయినందుకన్న ఆట చూడలేకపోయినందుకు మనుష్యుడు ఎక్కువ నొచ్చుకొనును. "ఒక్క ముక్క చూచెద" నని లాగినవాడు రెండవది లాగక మానడు. హస్తినాపురమున ధర్మరాజునకు లోపించినది పాచిక వేయు నేర్పు మాత్రమే గాదు, లేచిపోవు నేర్పు.

ఇదే విద్య సముద్రముల కావల పోకరను పేర మఱియొక రూపము దాల్చి, ఇరువది యొకటవ శతాబ్దమున చేతిఫోను ద్వారమున ఈ తీరమునకు వచ్చినది. అమెరికాలో 2003లో క్రిస్ మనీమేకరను పద్దుల యుద్యోగి, నూఱు డాలర్లకు మించని ప్రవేశరుసుముతో ఇంటనుండి అంతర్జాలమున నొక చిన్న టోర్నమెంటు గెలిచి, ఆ బలముతో లాస్ వెగాసులోని ప్రపంచపోటీకి బోయి, ఇరువదియైదు లక్షల డాలర్లు గొనితెచ్చిన వార్త లోకమంతట వ్యాపించినది. అతని పేరే ప్రకటనకు తగినట్లుండుట వ్యాపారుల యదృష్టము. అటుపిమ్మట చిన్న పందెముల అంతర్జాల టోర్నమెంట్లు వెల్లువయ్యెను. వాని నియమము రమ్మీ ఎఱిగినవానికి త్వరలోనే బోధపడును. ప్రవేశరుసుము చెల్లించినవానికి కొన్ని చిప్పులు లభించును. అవి నగదు గావు, పోటీలో నిలుచుటకు ఊపిరి. గడియారమును బట్టి బ్లైండ్లను నిర్బంధపందెములు పెరుగుచుండును గావున ఊరక కూర్చున్నవాని చిప్పులును కరగును. బహుమానము పదిమందిలో ఒకరికో, కొన్నిట అంతకు కొంచె మెక్కువ మందికో మాత్రమే దక్కును.

కొత్తవానికి పెద్దలు చెప్పు మాటలన్నియు డ్రాపు చుట్టునే తిరుగును. పోకరున తొలుత పంచు రెండుముక్కల చేతులు పదమూడు వందల ఇరువదియాఱు విధముల రాగలవు. వానిలో ఆసుల జత సగటున 221 పంపకముల కొకసారి వచ్చును. అట్టి మేలిచేతులకై ఓర్చి, తక్కిన పెక్కింటిని ఫోల్డు చేయువాడే, అనగా రమ్మీలోవలె దించివేయువాడే, మొదటి గంటను దాటును. తనకంటె వెనుక ఎందఱు ఆడవలసి యున్నారో చూచికొని, కడపట ఆడు వంతు వచ్చినప్పుడు కొంత స్వేచ్ఛ తీసికొనవచ్చును. ముందుగా నాడవలసినప్పుడు గట్టిచేతులతోనే దిగవలెను. బ్లైండ్లు పెరిగి, తన చిప్పులు పెద్ద బ్లైండునకు పదిరెట్లకు దిగినపుడు, సగము సగము పందెములు మాని, చిప్పులన్నియు నొక్కసారి నొడ్డు ఆలిన్నో, ఫోల్డో తేల్చుకొనవలెను. చిప్పులు రెట్టింపైనంత మాత్రమున బహుమానపు టాశ రెట్టింపు గాదు, పోయినచో నన్నియు పోవును. కావున బహుమానపు గీటు దగ్గఱ నున్నపుడు చిన్న చిప్పులవాడు తొందరపడరాదు. నూఱు టోర్నమెంట్లు వరుసగా చెడినను ఇల్లు గడచునంత చిన్న రుసుమునే ఎన్నుకొనవలె నన్నది వీనిలో పరమము. తక్కిన సూత్రముల నెల్ల పాటించి దీనిని మఱచినవాడు మిగులడు. రుసుములో నొక భాగము నడపువారు తీసికొందురన్న సంగతియు లెక్కలో నుంచుకొనవలెను.

చట్టము వేఱు త్రోవ త్రొక్కినది. తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020 సెప్టెంబరులో, అంతర్జాలమున డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించినవి. యువకులు అప్పులపాలగుట, ఆత్మహత్యలు జరుగుట అందుకు చెప్పబడిన కారణములు. అవి కల్పితములు గావు. తమిళనాడు సైతము నిషేధించినది గాని, 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు దానిని కొట్టివేసినది. దాని ఫలితముగా తడ పొలిమేర కీవల నొక న్యాయము, ఆవల నొక న్యాయము కొంతకాలము చెల్లెను: సూళ్లూరుపేట కుఱ్ఱవాని ఫోను తడలో నుండగా ఆటను నిరాకరించి, ఆరంబాకము దాటగానే స్వాగతించుచుండెను. న్యాయస్థానములలోనే పోకరుపై ఏకాభిప్రాయము లేదు. 2017లో గుజరాతు హైకోర్టు దానిని జూదమనెను, 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు దానిని నైపుణ్యక్రీడగా నెంచెను. కడకు 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము నైపుణ్యమా దైవమా యను వివాదమునే ప్రక్కకు నెట్టి, డబ్బు చేరిన అంతర్జాలక్రీడ నెల్ల దేశమంతట నిషేధించినది. శిక్ష ఆడువానికి గాక, నడపువానికిని ప్రకటించువానికిని.

ఇప్పుడు అంతర్జాలమున మిగిలినవి పందెము లేని ఉచితపు ఆటలు. వానిలో ప్రవేశమునకు కాసు అక్కఱలేదు, ఓడిన మరల చిప్పులు వచ్చును; అందుచే తొమ్మిదిమంది కూర్చున్న బల్లపై తొమ్మిదిమందియు ప్రతి చేతికిని ఆలిన్నందురు, ఎవ్వడును ఫోల్డు చేయడు. అక్కడ ఆడి ఆడి ముక్కల వరుసను నేర్చుకొనవచ్చును గాని, ఇరువది ఇచ్చి లేచిపోవుటను నేర్చుకొనుటకు వీలు లేదు.