రేవు పిల్లి, నీళ్ల లెక్క

వ్యాఖ్యానం చెప్పాలంటే ముందు మూలం ఉండాలి. ఈ వాక్యం నేను కట్టుకున్నదే: "రేవు పిల్లి చేప కోసం వస్తుంది, అలను చూసి వెనక్కి పోతుంది, గిన్నెలో నీళ్లు పెడితే వదిలేస్తుంది." పొద్దున్నే నెల్లూరు తీరంలో మైపాడు వైపో ఇస్కపల్లి వైపో వెళ్లి, వలలు దులిపే వేళ ఒడ్డున నిలబడ్డవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. మూడు చేష్టల వెనకా ఉన్న కారణం ఒక్కటే కావడం మాత్రం చెప్పుకోదగ్గది.

రేవు: పడవను ఇసుక మీదికి లాగి, అక్కడే వలలోంచి చేపలు విడదీసే చోటు. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు గంపల్లోకి పోతాయి. నలిగినవీ చిన్నాచితకవీ ఇసుకలో మిగులుతాయి. కాకులకూ కుక్కలకూ పిల్లులకూ అదే వాటా.

పిల్లి: ఇక్కడ ఇంటి పిల్లి. దీని పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా పొడి నేలల్లో తిరిగే అడవిపిల్లులు. ఇంటి పిల్లులు ఆ వంశానివేనని 2007లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల కిందటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు బయటపడ్డాయి. ఆ దీవికి పిల్లి ఈదుకుంటూ వెళ్లి ఉండదు, పడవలో ఎవరో తీసుకెళ్లి ఉంటారు. సముద్రం దాటినా ఒంటి తీరు మాత్రం ఎండిన నేలదే.

చేప కోసం: ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. పచ్చి చేప బరువులో నాలుగింట మూడు వంతులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, నీరు. పిల్లికి చేపే అన్నం, చేపే దాహం. దాని మూత్రపిండాలు మూత్రాన్ని మనకు చేతకానంత చిక్కగా చేసి, నీటిని ఒంట్లోకి తిరిగి లాక్కుంటాయి. 1959లో అమెరికన్ శరీరధర్మ శాస్త్రజ్ఞులు పిల్లులకు తాగే నీళ్లు ఇవ్వకుండా చేప, మాంసం మాత్రమే పెట్టి చూస్తే అవి నిలదొక్కుకున్నాయి. సముద్రపు నీటితో కూడా పిల్లి దాహం తీరగలదని ఆ ఏడే రాశారు. అదే నీరు తాగితే మనిషి ఒళ్లు ఇంకా ఎండిపోతుంది. (ఇంట్లో ఎవరూ ప్రయోగం చేయకండి.) ఒక్క మెలిక ఉంది. ఇసుక మీద ఆరబోసిన ఎండు నెత్తళ్లలో నీరు పోయి ఉంటుంది, ఉప్పు పట్టించినవైతే మరీ. వాటితో కడుపు నింపుకున్న పిల్లి నీళ్ల తొట్టి వెతుక్కోక తప్పదు.

అలను చూసి వెనక్కి: పిరికితనం అని తేల్చేయడం సులువే గానీ అన్యాయం. పిల్లి బొచ్చు నీటిని ఆపలేదు. తడిస్తే బరువెక్కుతుంది, ఆరడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ ఒళ్లు చల్లబడుతుంది. ఎలుక మీదికి దూకాల్సిన జంతువుకు ఇదంతా నష్టమే. కాలు జారి కాలవలో పడితే మాత్రం చక్కగా ఈదుకుంటూ ఒడ్డెక్కుతుంది. ఇంకో సంగతి: రోహిణి కార్తెలో అదే పిల్లి తన ఒంటిని తానే తడుపుకుంటుంది. నాలుక మీది ముళ్ల కొనలు బోలుగా ఉండి, లాలాజలాన్ని బొచ్చు అడుగుదాకా చేరవేస్తాయని 2018లో కనుక్కున్నారు. ఆ తడి ఆరుతూ వేడిని పట్టుకుపోతుంది. తడి ఎంత, ఎప్పుడు అన్నది తన చేతిలో ఉన్నంతవరకు పిల్లికి ఇబ్బంది లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ. మన తీరంలోనే పైకి వెళ్తే, కృష్ణా ముఖద్వారం మడ అడవుల్లో, కోరింగలో నీటిపిల్లి ఉంది కదా, అది నీళ్లలో దిగి చేప పట్టదా? పడుతుంది, మునిగి కూడా పడుతుంది. కానీ దాని సరంజామా వేరు. ఒంటిని అంటుకుని ఉండే ఒత్తయిన లోబొచ్చు తడిని చర్మం దాకా పోనివ్వదు. వేళ్ల మధ్య కొంత పొర, పొట్టి తోక, ఇంటి పిల్లికి రెట్టింపు పైబడ్డ బరువు. ఆ కోటు తొడుక్కున్నది దిగుతుంది, లేనిది గట్టు మీద కూర్చుంటుంది. కాబట్టి ఆక్షేపణ మూలాన్ని కొట్టెయ్యదు, బలపరుస్తుంది.

గిన్నెలో నీళ్లు: తాగేటప్పుడూ పిల్లి తడి అంటించుకోదు. కుక్క నాలుకను గరిటెలా ముంచుతుంది. పిల్లి నాలుక కొనను నీటి పైపొరకు ఆనించి చటుక్కున పైకి లాగుతుంది. వెంట లేచిన సన్నటి నీటి ధార కిందికి జారిపోయేలోపు నోరు మూస్తుంది. సెకనుకు దాదాపు నాలుగుసార్లు. అమెరికా పరిశోధకులు 2010లో దీన్ని వీడియో తీసి లెక్కగట్టారు. గడ్డం మాత్రం పొడిగానే ఉంటుంది.

వదిలేస్తుంది: రేవులో వదిలేస్తే దిగులు లేదు, నీళ్లు చేపలోనే అందాయి. నెల్లూరు టౌనులో ఫ్లాట్లో పెరిగే పిల్లి సంగతి అలా కాదు. ప్యాకెట్లో వచ్చే పొడి గింజల్లో నీరు పదో వంతు దాటదు. పొడి నేలల పిల్లి గనక దాహం మందంగా వేస్తుంది, తాగాల్సినంత తాగదు. మూత్రం చిక్కబడుతుంది, మగ పిల్లులకైతే దారే మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి పిల్లి ఉన్న ఇంట్లో గింజల మీద కాసిన్ని నీళ్లు పోయాలి, లేదా ఉప్పూ కారం వెయ్యకముందు ఉడికించిన చేప ముక్క ముల్లు తీసి పెట్టాలి. పులుసులోది వద్దు.